హిట్టైట్ చక్రవర్తులు, వాళ్ళ సామంతులు రాసుకున్న ఉత్తరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చక్రవర్తి హుకుం జారీ చేస్తాడు, సామంతుడు తల వంచుతాడు. పాతకాలపు సామ్రాజ్యాలంటే మనలో చాలామందికి ఇదే ఊహ. హిట్టైట్ మట్టి పలకలు చదవడం మొదలుపెడితే ఆ ఊహ నాలుగు రోజులు కూడా నిలవదు. గద్దింపులతో పాటు బుజ్జగింపులు, సాకులు, వాయిదాలు, బంగారమిచ్చి తప్పించుకున్న సందర్భాలు, పెళ్ళి గొడవలు అన్నీ వాటిలో ఉన్నాయి. విధేయత అనేది ఒకసారి ఒప్పుకుంటే అయిపోయే వ్యవహారంగా ఎక్కడా కనిపించదు. ఏడాదికేడాది ఉత్తరాల మీద దాన్ని మళ్ళీ మళ్ళీ అడుగుతూనే ఉండాల్సి వచ్చింది. కొత్తగా చదివేవాళ్ళు మాటిమాటికీ అడిగే ప్రశ్నలకు తెలిసినంతలో జవాబులివి.

హిట్టైట్లు ఎవరు? తెలుగు బైబిల్లో ఉన్న హిత్తీయులు వీళ్ళేనా?

ఇప్పటి టర్కీ నడిమి పీఠభూమిలో హత్తూసా రాజధానిగా క్రీ.పూ. 17వ శతాబ్దం నుంచి 12వ శతాబ్దం మొదటి దాకా ఏలినవాళ్ళు హిట్టైట్లు. ఆ నగర శిథిలాలు చోరుం ప్రాంతంలో బోగజ్‌కలే అనే చిన్న ఊరి పక్కన ఉన్నాయి. క్రీ.పూ. 14వ శతాబ్దంలో మొదటి సుప్పిలులియుమ ఉత్తర సిరియాను గెలిచాక, ఈజిప్టు, బాబిలోన్ రాజులు సాటివాడిగా లెక్కపెట్టే స్థాయికి ఈ రాజ్యం చేరింది.

‘హిత్తీయుడైన ఊరియా’ అన్న మాట చర్చికి వెళ్ళేవాళ్ళందరికీ తెలుసు. పేరు ఒకటే గానీ కాలం వేరు. దావీదు నాటికి హత్తూసా పాడుబడి దాదాపు రెండు వందల ఏళ్ళయింది. ఆ తర్వాత కూడా ఉత్తర సిరియాలోని చిన్న రాజ్యాలను హిట్టైట్ దేశం పేరైన ‘హత్తి’తోనే పిలిచేవారు. పాత పేరు అలా మిగిలిపోయింది.

సామంతులు అంటే ఎవరెవరు?

సిరియా తీరాన ఉగారిత్, దానికి దక్షిణంగా అముర్రు, లోపలి వైపు నుహష్షే, యూఫ్రటీస్ అవతల మిటన్ని. పడమట ఏజియన్ సముద్రం వైపు మీరా, సేహా నది దేశం, విలుస. ఈ విలుసే గ్రీకుల కథల్లోని ట్రాయ్ అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

సామంతుడు తన సింహాసనం మీదే ఉంటాడు. తన చట్టం, తన దేవుళ్ళు, తన పన్నులు తనవే. ఏటా కప్పం కట్టాలి, పిలిస్తే సైన్యం పంపాలి, పారిపోయి వచ్చినవాళ్ళను పట్టి అప్పగించాలి, పరాయి రాజులతో సొంతంగా మంతనాలు జరపకూడదు. యూఫ్రటీస్ ఒడ్డున కార్కెమిష్‌లో సుప్పిలులియుమ తన కొడుకు పియస్సిలిని రాజుగా కూర్చోబెట్టాడు. ఆ వంశమే తరతరాలుగా సిరియా వ్యవహారాలు చక్కబెట్టింది. ఉగారిత్ రాజుకు ఏ కష్టం వచ్చినా ముందు కార్కెమిష్ గడప తొక్కాలి, హత్తూసా ఆ తర్వాత.

ఈ పలకలు ఎక్కడ దొరికాయి?

రెండు చోట్లు ముఖ్యం. హత్తూసాలో 1906లో హ్యూగో వింక్లర్, థియొడోర్ మక్రిదీ తవ్వకం మొదలుపెట్టారు. ముక్కలన్నీ కలుపుకుంటే ఇప్పటికి 30,000 దాకా లెక్క తేలింది. రెండోది ఉగారిత్. సిరియా తీరంలో లటాకియా దగ్గర రాస్ షమ్రా దిబ్బ మీద 1929లో క్లోడ్ షేఫర్ తవ్వకాలు మొదలయ్యాయి. అక్కడి రాజభవనంలో ఒక గదుల వరుస నిండా హిట్టైట్ వ్యవహారాల పలకలే ఉన్నాయి. హత్తూసా నుంచి వచ్చిన ఉత్తరాన్ని అందుకున్నవాళ్ళ ఇంట్లోనే చదవగలగడం ఉగారిత్ మనకు చేసిన మేలు. పంపినవాళ్ళ దగ్గర మిగిలేది నకలో చిత్తుప్రతో. అందుకున్నవాళ్ళ దగ్గర ముద్రతో సహా అసలు ఉంటుంది.

ఉత్తరం ఎలా మొదలయ్యేది?

నన్ను ఎక్కువ పట్టుకున్నది ఇదే కాబట్టి కాస్త నింపాదిగా చెబుతాను.

ఉత్తరం నిజానికి రాజుతో మాట్లాడదు, తీసుకొచ్చినవాడితో మాట్లాడుతుంది. ‘ఫలానావాడితో చెప్పు: ఫలానావాడు ఇలా అంటున్నాడు’ అని ఉంటుంది. పలక చేతిలో పెట్టి పంపినా, అసలు సందేశం నోటిమాట అన్న పాత మర్యాద పోలేదన్నమాట. ఇక ఎవరి పేరు ముందు వస్తుందన్న దాంట్లోనే హోదా అంతా తెలిసిపోతుంది. చక్రవర్తి ఉగారిత్ రాజు ఇబిరానుకు రాస్తే తన పేరు ముందు: ‘సూర్యుడు ఇలా అంటున్నాడు, ఇబిరానుతో చెప్పు.’ సామంతుడు రాస్తే ప్రభువు ముందు, తాను వెనక: ‘నా ప్రభువైన సూర్యుడితో చెప్పు, నీ దాసుడు ఇలా అంటున్నాడు.’ ఆ వెంటనే సాష్టాంగం. ఉగారిత్ వాడుకలో ‘దూరం నుంచే నా ప్రభువు పాదాల మీద రెండు మార్లు ఏడేసిసార్లు పడుతున్నాను’ అని రాయాలి. అంటే ఏడు చొప్పున రెండుసార్లు, మొత్తం పద్నాలుగు.

‘సూర్యుడు’ అన్నది హిట్టైట్ రాజు బిరుదు. ‘మా సూర్యుడు’ అన్నా ‘మహారాజు’ అన్నా ఆయనే. సాటి మహారాజులు ఒకరినొకరు ‘తమ్ముడూ’, ‘అన్నా’ అన్న వరసలో ‘సోదరా’ అనుకునేవారు. ఆ పిలుపు ఊరికే దొరికేది కాదు. అస్సీరియా రాజు మిటన్నిని మింగి బలిసి, చనువుగా సోదరా అని రాస్తే హిట్టైట్ రాజుకు ఒళ్ళు మండిపోయింది. మనిద్దరం ఒక తల్లి కడుపున పుట్టామా, మా నాన్నా తాతా మీవాళ్ళకి ఎప్పుడైనా సోదరా అని రాశారా అని జవాబు పెట్టాడు. ఆ పలక ముక్కగానే దొరికినా వేడి మాత్రం చల్లారలేదు.

సామంతుడికి సోదర వరస లేదు. దాసుడు, లేదా ఇంకాస్త ప్రేమగా కొడుకు. పద్ధతి తెలిసినవాడు మొదటి రెండు వరుసలు చూసి, ఎవరు ఎవరికి ఎంత లొంగి ఉన్నారో చెప్పెయ్యగలడు.

ఏ భాషలో రాసేవారు?

సిరియా వైపు అక్కాదియన్. అది బాబిలోన్ భాష, ఆ కాలంలో రాజ్యాల మధ్య నడిచే ఉమ్మడి భాష. పడమటి సామంతులతో హిట్టైట్ భాషే. లిపి రెండింటికీ క్యూనిఫాం, అంటే పచ్చి మట్టి మీద రెల్లుపుల్ల కొసతో నొక్కిన మేకుల్లాంటి గుర్తులు. ఉగారిత్ వాళ్ళకు ముప్పై అక్షరాల సొంత వర్ణమాల కూడా ఉంది. హత్తూసా నుంచి వచ్చిన కొన్ని ఉత్తరాలను వాళ్ళు తమ భాషలోకి మార్చి దాచుకున్నారు.

హిట్టైట్ భాష గుట్టు 1915లో చెక్ పండితుడు బెడ్రిహ్ హ్రోజ్నీ విప్పాడు. రొట్టె తింటారు, నీళ్ళు తాగుతారు అని అర్థమొచ్చే ఒక్క వాక్యం ఆయనకు దారి చూపింది. నీటికి ‘వాతర్’ అన్న మాట వినగానే అది యూరప్ భాషల కుటుంబానిదేనని తట్టింది. సంస్కృతమూ అదే కుటుంబం.

చదివేదీ రాసేదీ లేఖకులే, రాజు వినేవాడు. అందుకే లేఖకులకు ఉత్తరంలో తమదంటూ కొంచెం చోటు ఉండేది. మాషత్ హోయూక్‌లో దొరికిన హిట్టైట్ అధికారుల ఉత్తరాల్లో, రాజాజ్ఞ ముగిశాక కింద మిగిలిన ఖాళీలో ఈ లేఖకుడు ఆ లేఖకుణ్ణి కుశలం అడుగుతాడు, తన ఇంటి పని ఒకటి చూసిపెట్టమంటాడు. అవి చదువుతుంటే పలక అవతల మనిషి కనిపిస్తాడు.

ఒప్పందానికీ ఉత్తరానికీ తేడా ఏమిటి?

ఒప్పందం పునాది. ఉత్తరాలు దాని మీద రోజువారీ కాపురం. ఒప్పందం ఎప్పుడూ గతం తవ్వుతూ మొదలవుతుంది: మీ తాతకు మా తాత ఏం చేశాడు, మీ నాన్న ఎక్కడ మాట తప్పాడు, నేను నిన్ను ఎలా కాపాడాను. ఆ తర్వాత షరతులు, సాక్షులుగా ‘హత్తి దేశపు వెయ్యి మంది దేవుళ్ళు’, చివర శాపాలు, దీవెనలు. రెండో మువతల్లి విలుస రాజు అలక్సందుతో చేసుకున్న ఒప్పందంలో, ఈ పలకను ఏడాదికి మూడుసార్లు నీకు చదివి వినిపించాలి అని ఒక షరతు ఉంది. సంతకం పెట్టి అటక మీద పడేస్తే కుదరదు.

సాధారణంగా ఇవి మట్టి పలకలు. అయితే 1986లో హత్తూసా స్ఫింక్స్ ద్వారం (మనిషి తల, సింహం ఒళ్ళు ఉన్న శిల్పాల ద్వారం) దగ్గర ఏకంగా కంచు పలక బయటపడింది. నాలుగో తుధలియ తర్హుంతస్స రాజు కురుంతతో చేసుకున్న ఒప్పందం అది. బరువు 5 కిలోలు, వరుసలు 350కి పైనే. ఏడు ప్రతులు చేయించి ఏ గుడిలో ఏది ఉండాలో అందులోనే రాశారు, ఒకటి కురుంత ఇంట్లో ఉండాలట. అంకారాలోని అనటోలియా నాగరికతల మ్యూజియంలో ఇప్పుడు దాన్ని చూడవచ్చు.

ఇంద్రుడు, వరుణుడు ఈ పలకల్లో ఉన్నారన్నది నిజమేనా?

నిజమే. సుప్పిలులియుమకూ మిటన్ని యువరాజు షత్తివాజకూ కుదిరిన ఒప్పందంలో మిటన్ని వైపు సాక్షి దేవతల జాబితాలో మిత్రుడు, వరుణుడు, ఇంద్రుడు, నాసత్యులు ఉన్నారు. నాసత్యులంటే మన అశ్వినీ దేవతలే. కాలం క్రీ.పూ. 14వ శతాబ్దం. మిటన్ని ప్రజలు మాట్లాడింది హుర్రియన్ భాష. పాలకవంశం పేర్లలో, గుర్రాల శిక్షణ మాటల్లో మాత్రం ఒక పాత ఇండో-ఆర్యన్ భాష జాడలు మిగిలాయి. జాబితాలో పెద్దపీట హుర్రియన్, మెసొపొటేమియా దేవుళ్ళదే, మనకు తెలిసిన పేర్లు మధ్యలో ఎక్కడో ఒక వరుసలో వస్తాయి. దీన్ని పట్టుకుని ఇక్కడివాళ్ళు అక్కడికి వెళ్ళారనో అక్కడివాళ్ళు ఇక్కడికి వచ్చారనో ఒక్క పలకతో తేల్చడం తొందరపాటు.

ఆ ఒప్పందంలో దేవుళ్ళ కంటే నన్ను కదిలించింది షత్తివాజ తన కథ చెప్పుకున్న తీరు. తండ్రి హత్య తర్వాత దేశం వదిలి పారిపోయి వచ్చాడు. మూడు రథాలు, ఇద్దరు హుర్రియన్లు, ఇంకో ఇద్దరు పరివారం, ఒంటిమీదున్న ఒక్క జత బట్టలు, అంతే మిగిలింది. మరస్సంతియ నది దగ్గర మహారాజు కాళ్ళ మీద పడితే ఆయన చెయ్యిపట్టి లేపాడట. లేపి, కూతురినిచ్చి, సైన్యమిచ్చి మిటన్ని సింహాసనం మీద కూర్చోబెట్టాడు. మాట తప్పితే మాత్రం నీ నేల మంచుగడ్డై నువ్వు జారిపడాలి అని శాపం. ఆ దయా ఈ శాపమూ ఒకే పలక మీద ఉన్నాయి.

కప్పం ఎంత ఉండేది?

అముర్రు రాజు అజిరు ఏడాదికి 300 షెకెల్‌ల మేలిమి బంగారం కట్టాలి, అదీ హత్తి దేశపు తూనికరాళ్ళతో తూచి. షెకెల్ బరువు ఒక్కోచోట ఒక్కోలా ఉండేది, సుమారుగా మన తులం అనుకోవచ్చు. ఉగారిత్ రాజు రెండో నిక్‌మద్దు కట్టాల్సిన జాబితా ఇంకా పొడుగు. చక్రవర్తికి బంగారంతో పాటు బంగారు గిన్నె, నార బట్టలు, ఎరుపు, నీలం ఊదా రంగులద్దిన ఉన్ని. ఆ తర్వాత రాణికి, యువరాజుకు, ప్రధాన లేఖకుడికి, ఇంకా వరసగా పెద్ద ఉద్యోగులకు తలా ఇంత అని విడివిడిగా లెక్క. ఎవరికి ఏం ముట్టజెప్పాలో కూడా చక్రవర్తి శాసనంలోనే ఉంది, చాటుమాటు వ్యవహారం కాదు.

కానుకల్లో నాణ్యత తేడా వస్తే ఏమయ్యేదో చెప్పడానికి ఒక ఉత్తరం చాలు. హిట్టైట్ ఆస్థానంలో ఉగారిత్ తరఫున తకుహ్లి అనే ప్రతినిధి ఉండేవాడు. చక్రవర్తికి లాజవర్దం రాయి మీద మహా మోజు. ముదురు నీలం రంగు, ఎక్కడో అఫ్ఘనిస్తాన్ గనుల నుంచి చేతులు మారుతూ రావాలి. ఉగారిత్ రాజు పంపిన రాయి చూసి చక్రవర్తి భగ్గుమన్నాడు. నేల మీద దొరికిన ఏదో రాయి ఏరి లాజవర్దమని పంపిస్తారా, నాతో ఆటలా అని తకుహ్లిని పట్టుకున్నాడు. పాపం తకుహ్లి తన రాజుకు రాసుకున్నాడు: ఎక్కడ వెతుకుతారో తెలియదు, అసలైన రాయి సంపాదించి పంపండి, ఇక్కడ అందరూ నాకు ఎదురు తిరిగారు. తప్పు ఇంటి దగ్గర జరిగింది, మాట పడింది పరాయి దేశంలో ఒంటరిగా ఉన్న ఆ మనిషి. ఉద్యోగం మీద దూరం వెళ్ళి, తమది కాని పొరపాటుకు సంజాయిషీ చెప్పుకున్నవాళ్ళకు ఆ గుబులు కొత్తగా చెప్పక్కర్లేదు.

చక్రవర్తికి కోపం వస్తే ఎలా రాసేవాడు?

ఒక్కోసారి తాను రాయకుండా ఇంకొకరితో రాయించేవాడు. ఉగారిత్‌లో ఇబిరాను గద్దెనెక్కి చాన్నాళ్ళయినా హత్తూసా వైపు తొంగి చూడలేదు. అప్పుడు పిహవల్వి అనే రాజకుమారుడు ‘నా కొడుకు ఇబిరానుతో చెప్పు’ అంటూ మొదలుపెట్టి, చక్రవర్తి క్షేమమే అని ఒక ముక్క రాసి, విషయానికి వచ్చేశాడు. రాజువైన దగ్గర్నుంచి నువ్వెందుకు రాలేదు, కనీసం దూతల్నైనా ఎందుకు పంపలేదు, సూర్యుడు చాలా కోపంగా ఉన్నాడు, త్వరగా దూతల్ని పంపు, ఆయనకు కానుకలు పంపు, వాటితో పాటు నా కానుకలూ పంపు. ఆ చివరి మాట చదివినప్పుడల్లా ఆ కాలపు ఆస్థానం కళ్ళకు కడుతుంది.

ఇంకా పాతది పడమటి సామంతుడు మద్దువత్త మీద అర్నువంద రాజు రాసిన పెద్ద ఫిర్యాదు. అహ్హియ దేశపు అత్తరిస్సియ తరిమితే పారిపోయి వచ్చిన మద్దువత్తను హిట్టైట్ రాజు ఆదుకుని భూమి ఇచ్చాడు. మా నాన్నే కాపాడకపోతే ఆకలికి చచ్చి కుక్కల పాలయ్యేవాడివి అని గుర్తు చేస్తాడు అర్నువంద. మద్దువత్త తీరు గోడమీద పిల్లి వాటం. ఒట్లు వేస్తూనే ఉన్నాడు, చుట్టుపక్కల దేశాలు ఆక్రమిస్తూనే ఉన్నాడు. అంత పొడుగు ఫిర్యాదు రాయాల్సి వచ్చిందంటే చేతల్లో అతన్ని ఆపడం కుదరలేదనే నేను అర్థం చేసుకున్నాను.

సేహా నది దేశపు మనపా-తర్హుంతది మరో దారి. శత్రువుతో చేతులు కలిపి, రెండో ముర్సిలి దండెత్తి వస్తున్నాడని తెలిసి దూతను పంపితే ముర్సిలి వినలేదు. అప్పుడు ముసలి తల్లిని, ఊరి పెద్దలను, ముసలమ్మలను ఎదురు పంపాడు. ఒక ఆడమనిషి వచ్చి నా కాళ్ళ మీద పడింది కాబట్టి ఆమె మొహం చూసి వదిలేశాను అని ముర్సిలి తన చరిత్రలో రాయించుకున్నాడు.

సామంతుడు ఎప్పుడైనా కాదనగలిగాడా?

మొహం మీద కాదనడం అరుదు. దారులు వేరే ఉన్నాయి. అదే మనపా-తర్హుంత తర్వాతి కాలంలో, హిట్టైట్ సైన్యం విలుస వైపు కదులుతున్న వేళ, నాకు ఒంట్లో బాగాలేదు, జబ్బు బాగా ముదిరింది, మంచం పట్టాను అని రాశాడు. నిజంగానే జబ్బు చేసి ఉండొచ్చు. ఆ ఉత్తరం చదివించుకున్న చక్రవర్తి ఏమనుకున్నాడో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

ఉగారిత్ దారి డబ్బు. అస్సీరియాతో యుద్ధానికి సైన్యం పంపకుండా అక్కడి రాజు అమ్మిస్తమ్రుకు మినహాయింపు దొరికింది, అందుకు చెల్లించింది 50 మినాల బంగారం. ఇప్పటి లెక్కలో 20 కిలోలకు పైమాటే. రేవు పట్టణం, వ్యాపారుల ఊరు. కత్తి పట్టడం కంటే తక్కెడ పట్టడం వాళ్ళకు తేలిక. చక్రవర్తికీ ఆ బంగారం అవసరమే కాబట్టి బేరం కుదిరింది.

రాజుల ఇంటి గొడవల్లో కూడా చక్రవర్తి తలదూర్చేవాడా?

తప్పక. ఎందుకంటే పెళ్ళిళ్ళు కుదిర్చిందే ఆయన. హిట్టైట్లకూ ఈజిప్టుకూ మధ్య కాదేషు యుద్ధం జరిగిన క్రీ.పూ. 1274 సమయంలో అముర్రు రాజు బెంతేషిన ఈజిప్టు వైపు వెళ్ళి పదవి పోగొట్టుకున్నాడు. మూడో హత్తుసిలి అతన్ని చేరదీసి, తాను చక్రవర్తి అయ్యాక తిరిగి అముర్రు ఇచ్చి, తన కూతుర్ని అతనికిచ్చి, అతని కూతుర్ని తన కొడుక్కి చేసుకున్నాడు. మన ఊళ్ళలో కుండమార్పిడి అంటారే, అదే.

బెంతేషిన ఇంకో కూతురు ఉగారిత్ రాజు రెండో అమ్మిస్తమ్రు భార్య. ఆ కాపురం చెడింది. ఆమె నాకు కీడు తలపెట్టింది అన్నాడు అమ్మిస్తమ్రు. తీర్పు చెప్పింది నాలుగో తుధలియ. అముర్రు నుంచి తెచ్చుకున్నది తీసుకుని ఆమె వెళ్ళిపోవాలి, ఇక్కడికొచ్చాక సంపాదించుకున్నది వదిలెయ్యాలి. కొడుకు ఉత్రి-షర్రుమ యువరాజు. తండ్రి దగ్గర ఉంటే రాజ్యం అతనిదే. అమ్మతో పోతానంటే తన వస్త్రం పీట మీద పెట్టి బయటికి నడవాలి. చట్టం రాసిన పలకలో ఆ వస్త్రం, ఆ పీట చూసి కాసేపు ఆగిపోయాను. చివరికి ఉగారిత్ గద్దెనెక్కిన పేరు ఇబిరాను, ఉత్రి-షర్రుమ కాదు.

కథ అక్కడితో ఆగలేదు. పుట్టింటికి చేరిన ఆమెను అప్పగించమని అమ్మిస్తమ్రు పట్టుబట్టాడు. అప్పటికి అముర్రులో ఆమె అన్నదమ్ముడు షౌష్గమువ రాజు. ఈ తప్పు చేసినదాన్ని ఇంకెంతకాలం కాపలా కాయను, తీసుకుపో, చంపుకుంటావో సముద్రంలో పారేస్తావో నీ ఇష్టం అన్నట్టు పలకలో ఉంది. బదులుగా అతనికి అమ్మిస్తమ్రు 1,400 షెకెల్‌ల బంగారం ఇచ్చాడు. ఇది చాలదు ఇంకా ఇమ్మని షౌష్గమువ అడిగితే ఈ పలక అతన్ని ఓడిస్తుంది అని తుధలియ ముద్ర వేశాడు. రెండు రాజ్యాల మధ్య శాంతి నిలిచింది. ఆమె తరఫు మాట ఒక్కటి కూడా ఏ పలక మీదా లేదు. ఈ ఉత్తరాలంటే నాకెంత ఇష్టమో ఈ మౌనం అంత బాధ.

ఇంకో ఒప్పందంలో సుప్పిలులియుమ తన చెల్లెల్ని హయస నాయకుడు హుక్కనకిచ్చి నడవడి పాఠం చెప్పాడు. మా దేశంలో అక్కచెల్లెళ్ళ వరసవాళ్ళనీ, చిన్నాన్న పెదనాన్న మేనత్త కూతుళ్ళనీ ముట్టుకుంటే చావే అన్నాడు. మేనరికాలు మామూలైన తెలుగు ఇళ్ళవాళ్ళకు ఇది వింతే. రాజభవనం ఆడవాళ్ళ వైపు చూడొద్దని హెచ్చరిస్తూ మరియ అనేవాడి కథ కూడా చెప్పాడు. దారిన పోతున్న పరిచారికను మరియ చూశాడు, సుప్పిలులియుమ తండ్రి కిటికీలోంచి మరియను చూశాడు, మరియ ప్రాణం పోయింది.

మామూలు మనుషులు ఈ ఉత్తరాల్లో కనిపిస్తారా?

కనిపిస్తారు. ఊరా అనే హిట్టైట్ రేవు నుంచి వచ్చే వ్యాపారులు మా జనాన్ని పీల్చేస్తున్నారని ఉగారిత్ రాజు నిక్‌మేప మొరపెట్టుకుంటే హత్తుసిలి ఒక శాసనం పంపాడు. ఎండాకాలం వ్యాపారం చేసుకోవచ్చు, చలికాలం రాగానే ఊరు వదలాలి, ఇళ్ళూ పొలాలూ కొనకూడదు. అప్పు తీర్చలేనివాణ్ణి మాత్రం పెళ్ళాంబిడ్డలతో సహా వ్యాపారికి అప్పగించాలి. ఉగారిత్ భూములు దక్కాయి, అప్పుపడ్డ కుటుంబం దక్కలేదు.

షుక్కు అనేవాడి పడవ తగాదా కూడా ఉంది. ఉగారిత్ మనిషి ఓడ పగిలింది. రేవుకు తగిలి దానంతట అదే పగిలిందని షుక్కు, కాదు కావాలని పగలగొట్టాడని ఓడ యజమాని. ఉగారిత్ నావికుల పెద్ద ప్రమాణం చేసి చెప్పాలి, షుక్కు ఓడకూ అందులోని సరుకుకూ విలువ కట్టివ్వాలి అని తీర్పు. ఆ పలక మీద ఉన్న ముద్ర హత్తుసిలి భార్య పుదుహేప రాణిది. హత్తూసా నుంచి ఉగారిత్‌కు నేరుగా గీత గీసినా 500 కిలోమీటర్లు, మధ్యలో టారస్ కొండలు. ఒక పడవ తగాదా అంత దూరం వెళ్ళి రాణి ముందు నిలబడింది.

చివరి ఉత్తరాల్లో ఏముంది?

క్రీ.పూ. 12వ శతాబ్దం మొదటికి వచ్చేసరికి ఉత్తరాల గొంతు మారిపోయింది. హత్తి దేశానికి తిండిగింజలు లేవు. ఈజిప్టు రాజు మెర్నెప్తా హత్తి దేశాన్ని బతికించడానికి ఓడల్లో ధాన్యం పంపానని శాసనం చెక్కించుకున్నాడు. ఉత్తర సిరియాలోని ముకిష్ నుంచి ఊరా రేవుకు 2,000 కొలతల ధాన్యం చేర్చాలి, ఒక పెద్ద ఓడనూ నావికులనూ ఇవ్వండి, ఇది చావుబతుకుల మాట అని ఉగారిత్‌కు రాశారు. తరాలుగా కప్పం అడిగినవాళ్ళు ఇప్పుడు ఒక ఓడ అడుగుతున్నారు.

హిట్టైట్ చక్రవర్తి నుంచి ఉగారిత్ రాజప్రతినిధికి ఇంకో ఉత్తరం వచ్చింది: మీ రాజు చిన్నవాడు, అతనికేం తెలియదు, ఓడల మీదే బతికే షికిలవాళ్ళు పట్టుకుపోయిన ఇబ్నదుషును నా దగ్గరికి పంపు, వాళ్ళ సంగతి అడిగి తిరిగి పంపించేస్తాను. సముద్రం మీద నుంచి వస్తున్న వాళ్ళెవరో కూడా చక్రవర్తికి సరిగా తెలియదు. తెలుసుకోవడానికి ఒక బందీ మాటలే ఆధారం.

ఈ చివరి పలకలు కాల్చడానికి బట్టీలో పెట్టినవి, శత్రువు మీద పడేసరికి అలాగే ఉండిపోయాయని చాలా పుస్తకాల్లో చదువుతాం. తవ్వకం వివరాలు మళ్ళీ పరిశీలిస్తే అక్కడ బట్టీ లేదని, పైఅంతస్తు కూలినప్పుడు పలకలు కిందపడ్డాయని తేలింది.

ఉగారిత్ ఆఖరి రాజు అమ్మురాపి ఉత్తరం మాత్రం నిజమే. అది హత్తూసాకు రాసింది కాదు, సైప్రస్‌లోని అలషియ రాజుకు రాసింది. శత్రువుల ఓడలు వచ్చాయి, నా ఊళ్ళు తగలబెట్టారు. నా సైన్యమంతా హత్తి దేశంలో ఉంది, నా ఓడలన్నీ లుక్కా తీరంలో (ఇప్పటి టర్కీ నైరుతి తీరం) ఉన్నాయి, ఇంకా తిరిగి రాలేదు. దేశం దిక్కులేకుండా పడి ఉంది. వచ్చినవి ఏడు ఓడలే, ఇంకా వస్తే ఎలాగైనా నాకు కబురు పంపండి. క్రీ.పూ. 1185 ప్రాంతంలో ఉగారిత్ కాలిపోయింది, మళ్ళీ ఎవరూ కట్టలేదు. పిలిచినప్పుడు సైన్యం పంపాలన్న షరతును అమ్మురాపి అక్షరాలా పాటించాడు. ఆ ఉత్తరంలో అతను అలషియ రాజును పిలిచిన పిలుపు ‘నాన్నా’.